మొగ దగ్గర పెన్సిలు

చాప మీద పటం పరిచాను.
గాలికి లేవకుండా మూడు మూలలా
స్టాప్లరు, ఉప్పు డబ్బా, షంషాద్ ఫోను.
నాలుగో మూలకి ఏమీ దొరక్క నా ఎడమ మోకాలు.
కొత్తపట్నం నుంచి పాకల దాకా
నా చిటికెన వేలంత తీరం.
నేల మీద ఇరవై కిలోమీటర్ల పైమాటే, అదీ ఇసకలో.
ఇసకలో నడక అప్పు తీర్చినట్టు:
రెండడుగులు కడితే ఒకటి వడ్డీ కింద పోయిద్ది.

పంతొమ్మిదేళ్లుగా నేలలు కొలుస్తున్నాను.
గొలుసు పోయి రోవర్ వచ్చినా
అన్నదమ్ముల మధ్య జానెడు తేడా మాత్రం పోలేదు.
ఎవరి పేరునా లేని నేల మీద
ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు,
రాయి పాతకుండా నడవాలని.
ఇంతకు మించి కారణం అడిగితే చెప్పలేను.
షంషాద్ అడగలేదు.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ మార్పించుకొచ్చి
"ఎన్ని లీటర్లు?" అంది.

అంత సముద్రం పక్కనుండగా
తలా నాలుగు లీటర్లు వీపున మొయ్యాలి.
సంచీ ఎత్తి చూసి దించాం. పులిహోర సగానికి తగ్గించాం.
మళ్లీ ఎత్తి చూసి, పులిహోర తిరిగి పెట్టేశాం.

నాలుగున్నరకి పల్లెపాలెం, వలలు ఆరేసే చోటు.
ఎనిమిదింటికి సరుగుడు తోపు నీడ,
అరికాళ్ల పల్లేరుకాయలు పీకడానికి పావుగంట.
ఆపైన రొయ్యల చెరువుల కట్టలు. అక్కడ కుక్కలుంటాయి.
కర్ర, అని రాసి
కొట్టేసి, బిస్కెట్లు, అని రాశాను.
పదిన్నరకి ముసి.

హైదరాబాదుది కాదు, మాది వేరే, దీర్ఘం లేని ముసి.
ఎండాకాలం దాని జాడ గేదెలకే తెలుసు.
సముద్రంలో కలిసే చోట మాత్రం
దానికెక్కడ లేని పెద్దరికం వచ్చిద్ది.

పోలయ్యకి ఫోను చేశాను.
"మొగ ఎక్కడుందిప్పుడు?"
"యాడని చెప్పేది సర్వేరమ్మా,
పోయినేడు తాటిచెట్టు కాడుండె.
తుపానుకి తాటిచెట్టే మొగలోకి పోయె.
ఇప్పుడు ఉత్తరానికి జరిగింది. రేపటి సంగతి నన్నడక్క."
"ఎప్పుడు దాటొచ్చు?"
"పున్నానికి రాబాకండి, నెత్తి మీదుగా పోతయ్.
అష్టమి దాటితే సముద్రం కాస్త మెత్తబడిద్ది.
ఏకాదశి పొద్దున పదీ పదిన్నరకి పాటు.
నీళ్లు మోకాటి దాకా అయితే దాటండి.
నడుం దాకా వస్తే నిలబడి నన్ను పిలవండి."
"పిలిస్తే?"
"పడవేసుకొస్తా. గాలి అడ్డంగా ఉంటే రాను."

పటమంతా ఇంకుతో గీశాను.
పాకల ఉప్పు కొటార్లు, అక్కడ ఆటో,
సింగరాయకొండలో ఒంగోలు బండి, అన్నీ.
మొగ దగ్గర పెన్సిలు తీసుకున్నాను.
ఉద్యోగంలో చేరాక మొదటిసారి
హద్దు చోట చుక్కలు పెట్టి వదిలేశాను.
షంషాద్ చూసి నవ్వింది: "సంతకం కూడా పెన్సిలేనా?"

ఇవాళ దశమి.
రాత్రి తొమ్మిదింటికి పోలయ్యే చేశాడు.
"ఈదర మొదలైంది. రేపొద్దు, ఎల్లుండి చూద్దాం.
పాటు ఇంకో గంట ఆలస్యం, అంతే."
అంతే, అన్నాడు.
నేను పటం మడిచాను, తప్పు మడతల్లో.
కోపం వచ్చింది గానీ ఎవరి మీదో తేలలేదు;
దాని అడుగున, చెప్పకూడదు గానీ, కొంచెం హాయి.
ఇసకలో నా మోకాలు ఏమంటుందో అని
వారం నుంచీ భయపడుతూనే ఉన్నాను.

"పులిహోర ఎల్లుండి దాకా ఉండదు," అంది షంషాద్.
డాబా మీద, కొత్త బూట్లు వేసుకునే,
ఇద్దరం పొట్లాలు విప్పాం.
బూట్లు కరుస్తున్నాయి. కరవనీ, రెండు రోజులున్నాయిగా.
తిని, చేతులు కడిగి,
పిట్టగోడ నుంచి నీళ్ల ట్యాంకు దాకా, ట్యాంకు నుంచి పిట్టగోడకి
వీపున నాలుగు లీటర్లతో తిరుగుతున్నాం.
కింది వాటా వాళ్లు లైటు వేశారు.
తూర్పున ఏమీ కనపడదు. మధ్యలో ఊరంతా ఉంది.
గాలి మాత్రం తడిగా,
నాలిక మీద కాస్త ఉప్పగా.
"ఎన్ని రౌండ్లయినయ్?" అంది.
లెక్క పెట్టలేదు.